అతుకు లేని రాయి

జగ్గయ్యపేటలో మేం కొత్తిల్లు కట్టుకునేటప్పుడు తలుపులూ గుమ్మాలూ మామగారు ఎంచారు, కిటికీ ఊచలు బావగారు ఎంచారు, రంగులు మా ఆయన. వంటింటి గట్టుకి ఏ రాయి వెయ్యాలన్నది మాత్రం మా తోడికోడళ్ళిద్దరికీ వదిలేశారు. అదేదో మా మీద గౌరవం అనుకునేరు! అన్నం పెట్టమని కేకెయ్యడానికి తప్ప వంటింటి వైపు రాని మగాళ్ళు, ఆ రాయి నల్లదైతే వాళ్ళకేంటి, తెల్లదైతే ఏంటి? "మీరిద్దరూ ఏదంటే అది వేయిద్దాం" అని మామగారు పేపరు వెనకనుంచి అన్నారు. ఆ మాట పట్టుకుని మేం నెల రోజులు అదే పనిగా తిరిగాం.

అక్కయ్య అంటే మా బావగారి భార్య. నేను కాపరానికొచ్చేనాటికే ఆవిడకి బళ్ళో చదివే కొడుకు. అత్తగారు లేని ఇల్లు కాబట్టి నన్ను సాధించాలన్నా సాకాలన్నా ఆవిడే. పొట్టి మనిషి, నోట్లోంచి మాట రావడం కష్టం, పట్టుదల మాత్రం కొండంత. నా సంగతి తెలిసిందేగా, నోరు ముందు, బుర్ర తరవాత. మాది పప్పులూ మిరపకాయల షాపు. పాత ఇంట్లో వంటంతా నేల మీదే, ఒక ఇరుకు మూల. ఒకళ్ళ కొంగు ఒకళ్ళం తొక్కుకుంటూ, వంగుతూ లేస్తూ, షాపులో గుమాస్తాలతో సహా అందరికీ వండి వార్చేవాళ్ళం. మోకాళ్ళు పట్టుకుని లేచినప్పుడల్లా అక్కయ్య ఒకటే అనేది. "మనిద్దరం పక్కపక్కన నుంచుని వండుకునే గట్టు ఒకటుండాలే. ముసలాళ్ళమైపోయాక, నువ్వు ఉప్పేసిన కూరలో కళ్ళు కనపడక నేను మళ్ళీ ఉప్పెయ్యాలి. దానికి మగాళ్ళు మనల్ని తిట్టాలి."

నాకు చిన్నప్పుడే అమ్మ పోయింది. నన్ను పక్కన పెట్టుకుని ముసలిదాన్నవుతానని అంత మామూలుగా అన్న మనిషి ఇంకొకరు లేరు. కొత్తిల్లంటే అందరికీ మేడ, నాకు మాత్రం ఆ గట్టే. ఆవిడ పక్కన నిలబడి జీవితమంతా వండుకోవాలి. అంతకంటే నేనేమీ కోరుకోలేదు, ఇది నిజం.

మేస్త్రి నాపరాయి వెయ్యమన్నాడు. మా ఊళ్ళో నేలన్నీ అవేగా, నదికి అవతలనుంచి లారీల్లో దిగుతూనే ఉంటాయి. "నేలకి సరే, గట్టుకి వద్దు. పులుపు పడితే మచ్చ, తడి పడితే ఆరదు" అంది అక్కయ్య. కడప రాయి చూద్దామని నేనన్నా. పక్కవీధిలో ఒకళ్ళింట్లో చూసొచ్చాం. నల్లగా బానే ఉంది గానీ, స్టవ్వు చుట్టూ పెచ్చులు లేచి, నూనె పీల్చి, చెయ్యి పెడితే జిడ్డు. ఇక మా ఆయన పాలరాయి అన్నారు, తెల్లగా మెరిసిపోతుందిట. పాలరాయి మాట వినగానే అక్కయ్య చేతిలో చాట కింద పెట్టేసింది. వాళ్ళ పుట్టిల్లు కంచికచర్ల. అక్కడ వాళ్ళ వదిన ముచ్చటపడి పాలరాయి గట్టు వేయించుకుంటే, నిమ్మకాయ కోసిన చోటల్లా నునుపు పోయి గరుకు తేలిందిట. పసుపు మరకలైతే చంటిపిల్లల బట్టల మీద ఉన్నట్టే ఉన్నాయిట. "ఎవరన్నా చుట్టాలొస్తే మా వదిన గట్టు మీద దుప్పటి కప్పుతుందే" అని నవ్వింది. ఆవిడ నవ్వడమే అరుదు. నవ్వితే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

గ్రానైటు అప్పుడప్పుడే మా వైపు ఇళ్ళల్లోకి వస్తోంది. నందిగామ దగ్గర హైవే పక్కన ఎవరో కొత్తగా రాళ్ళ షాపు పెట్టారని విని, ఇద్దరం బస్సెక్కాం. నేనప్పుడు కడుపుతో ఉన్నా. అక్కయ్య స్టీలు క్యారియరు ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకోసం పులిహోర కట్టిందనుకుని దారంతా ఆశగా చూస్తూనే ఉన్నా. షాపులో దిగి మూత తీస్తే ఏముందీ? ఒక గిన్నెలో చింతపండు పులుసు, ఇంకో గిన్నెలో పసుపు కలిపిన నూనె, పైన రెండు నిమ్మకాయలు, చాకు!

"ఇదేంటక్కయ్యా?"

"రాళ్ళకి పెట్టి చూద్దాం. అరిగించుకున్నదాన్ని ఇంటికి తీసుకెళదాం."

షాపతను ముందు తెల్లబోయాడు, తరవాత పనివాళ్ళని పిలిచి మరీ చూపించాడు. "అమ్మా, రాయి కొనడానికొచ్చారా, రాయికి భోజనం పెట్టడానికొచ్చారా?" అన్నాడు. అక్కయ్య అతని మొహం కూడా చూడలేదు. వరసగా ఉన్న రాతిముక్కల మీద ఒక్కో మూల పులుసు చుక్క, ఒక్కో మూల నూనె, నిమ్మచెక్క బోర్లించి పెట్టింది. నన్ను నీడలో స్టూలు మీద కూర్చోబెట్టి అరటిపళ్ళు కొనిపెట్టింది. హైవే మీద లారీలు పోతున్నాయి, దుమ్ము లేస్తోంది, నాకు కడుపులో తిప్పుతోంది. ఆవిడ మాత్రం పెళ్ళిచూపులకొచ్చిన అత్తగారిలా ఆ రాళ్ళ ముందునుంచి కదల్లేదు.

కాసేపాగి గుడ్డ పెట్టి తుడిస్తే ఏ రాయి గుట్టు ఆ రాయి బయటపెట్టింది. పాలరాయి మీద నిమ్మచెక్క గుండ్రంగా అచ్చు పడింది. బూడిదరంగు గ్రానైటు నూనె తాగేసి నల్లమచ్చ తేలింది. ఎర్రది బానే ఉంది గానీ, దాని మీద మినప్పప్పులో రాయి కూడా కనపడదని ఆవిడే వద్దంది. నల్ల గ్రానైటు మాత్రం ఏమీ జరగనట్టే ఉంది. తుడిస్తే నా మొహం కనపడింది, వాంతి వచ్చే మొహం.

"నలుపైతే ఇంకో బాధుందమ్మా, నీళ్ళు ఆరితే తెల్లమరకలు కనపడతాయి. రోజూ తుడుచుకోవాలి" అని షాపతను న్యాయంగానే చెప్పాడు.

"తుడవడానికి ఇద్దరం ఉన్నాంగా" అంది అక్కయ్య.

కొలత దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. మా వంటిల్లు పొడుగు, ఆ గోడంతా గట్టే. రెండు ముక్కలుగా వేసి మధ్యలో అతుకు పెడదాం, కనపడకుండా నల్లమైనం దట్టిస్తాం అన్నాడతను. అందరూ అలాగే వేయించుకుంటారుట. అక్కయ్య ఒప్పుకోలేదు. అతుకులోకి పులుసు దిగుతుందంది, చీమలు చేరతాయంది. అతను ఇంకా నచ్చచెప్పబోతే, "ఉమ్మడి ఇల్లు నాయనా మాది. గట్టుకి అతుకు పెట్టించుకోం" అని తేల్చేసింది. అతను గొడౌను వెనక్కి తీసుకెళ్ళి అంత పొడుగు పలక ఒక్కటే ఉందని చూపించాడు. ఆవిడ దాని మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అరచేత్తో రాసుకుంటూ నడిచింది. "ఇదేనే" అంది నాతో.

ఆ పలక లారీలో ఇంటికొచ్చాక చూడాలి మా మామగారి కోపం! గుమ్మంలోంచి మలుపు తిరగలేదు. చివరికి వంటింటి వెనకగోడ కొంత పగలగొట్టి, మనుషులు హైసా హైసా అంటూ లోపలికి తోసి, మళ్ళీ గోడ పూడ్చారు. "మీకు వదిలెయ్యడం నాదే బుద్ధితక్కువ" అని ఆయన సాయంత్రందాకా గొణిగారు. గట్టు ఎత్తు ఎంత పెట్టాలని మేస్త్రి అడిగితే, నన్ను నిలబెట్టి నా మోచేతి కింద గీత గీయించింది అక్కయ్య. "నువ్వు పొడుగు, వంగితే నడుం పోతుంది. నేను పీట వేసుకుంటాలే" అంది. అన్నట్టే ఎప్పుడూ పీట వేసుకుని నా పక్కన నా ఎత్తుకి నిలబడేది.

గృహప్రవేశమైన కొన్నాళ్ళకి నాకు కూతురు పుట్టింది. ఆ తరవాతి రెండేళ్ళూ నా జీవితంలో బంగారం, ఇంకెలా చెప్పాలో నాకు రాదు. పొద్దున్నే ఒక స్టవ్వు మీద ఆవిడ పప్పు, ఇంకో దాని మీద నా కూర. అక్కయ్య కొడుకు పదో తరగతి కాగానే విజయవాడ హాస్టల్లో పడ్డాడు. వాడు వెళ్ళాక ఆవిడ ప్రాణమంతా నా పిల్ల మీదే. దానికి నా చేత్తో అన్నం సయించేది కాదు, దొడ్డమ్మే పెట్టాలి. గట్టు మీద కూర్చోబెట్టి, నెయ్యి వేసి కలిపి, గోరుముద్దలు పెట్టేది. ముద్ద రావడం ఆలస్యమైతే ఆ రాకాసి స్టీలు గ్లాసు పట్టుకుని రాయి మీద టకటకా కొట్టేది. "వస్తున్నా తల్లీ, వస్తున్నా. మీ తాతలాగే తొందర" అంటూ ఆవిడ పరిగెత్తేది. గట్టు మీద గ్లాసు మోగితే ఇంట్లో అందరికీ అర్థం, పిల్ల ముద్ద అడుగుతోందని.

మామగారు పోయాక ఏడాది తిరక్కుండానే షాపు పంపకాల దగ్గర అన్నదమ్ములకి మాటా మాటా పెరిగింది. ఎవరిది తప్పని నన్నడగొద్దు, ఇద్దరిదీ మూర్ఖత్వమే. పెద్దమనుషులొచ్చి కూర్చున్నారు. పెద్దవాడికి దక్షిణం వాటా, చిన్నవాడికి ఉత్తరం వాటా, ఇంటి మధ్యలో గోడ అన్నారు. ఆ గోడ సరిగ్గా వంటింట్లోంచే పోయింది. అదీ కాక, ఆ రోజు కోపంలో బావగారు అందరి ముందూ భార్యతో ఒక మాట అనేశారు. "ఇవాళ్టినుంచి వాళ్ళతో మాట్లాడినా, ఆ పిల్లని ముట్టుకున్నా, మన పిల్లాడి మీద ఒట్టే!"

ఇంకేమన్నా అంటే అక్కయ్య లెక్కచేసేది కాదేమో. హాస్టల్లో ఉన్న ఒక్కగానొక్క కొడుకు మీద ఒట్టు! ఏ తల్లి దాటుతుంది? ఆవిడ మొహం పాలిపోయింది. నా ఒళ్ళో పిల్ల ఆవిడ కేసి చేతులు చాపుతోంది. ఆవిడ తన చేతులు కొంగులో దాచేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆ చేతులు గుర్తొస్తే అన్నం సయించదు నాకు.

గోడ కట్టే రోజు మేస్త్రి రాయిని మధ్యకి కోసేద్దామన్నాడు. నాతో మాట్లాడకూడదు గానీ మేస్త్రితో మాట్లాడొచ్చుగా. "రాయి జోలికి రావద్దు. గోడ దాని మీదే లేపు" అంది అక్కయ్య. మా ఆయనకీ బావగారికీ రాయి సంగతి పట్టనే లేదు. కింద దిమ్మె పెట్టి, రాయి మీదనుంచే ఇటుకలు పేర్చాడు మేస్త్రి. నేనిటు, ఆవిడటు నిలబడి చూస్తున్నాం. పొట్టి మనిషి కదా, ఆవిడ మొహం గోడ వెనక్కి త్వరగా వెళ్ళిపోయింది. నేను మునివేళ్ళ మీద లేస్తే పాపిట్లో కుంకుమ కాసేపు కనిపించింది, తరవాత అదీ లేదు.

కానీ రాయి ఒక్కటే కదా. ఆవిడ అటు చపాతీకర్ర ఆడిస్తే ఇటు నా గట్టులో తెలిసేది. ఆవిడ రోట్లో కారం దంచితే నా గిన్నెలు సన్నగా వణికేవి. ఇవాళ గారెలు, ఇవాళ పచ్చడి, ఇవాళ ఒంట్లో బాలేదు, మజ్జిగన్నంతో సరిపెట్టేశారు, అన్నీ తెలిసిపోయేవి. ఆ ఎండాకాలం ఆవకాయకి ఆవిడ అటు మామిడికాయ కొడుతోంది, నేనిటు కొడుతున్నా. ఎప్పుడూ కలిసి చేసుకునే పని. ఒక దెబ్బ ఆవిడది, ఒక దెబ్బ నాది. ఆగలేక గోడకి నోరు పెట్టి అరిచా. "ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టక్కయ్యా! ఎన్నాళ్ళిలా?" అటు చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ చాలాసేపటికి గానీ మొదలవలేదు.

మాట లేకపోతే పోనీ, పిల్ల అలికిడైనా ఆవిడకి అందాలని నాకు ఒకటే తపన. అందుకని పిల్లని రోజూ గోడకి ఆనించి, గట్టు మీద ఆ చివరే కూర్చోబెట్టి అన్నం పెట్టేదాన్ని. చేతిలో గ్లాసు నేనే పెట్టేదాన్ని. "కొట్టమ్మా, గట్టిగా కొట్టు, దొడ్డమ్మకి వినపడాలి" అనేదాన్ని. అది కేరింతలు కొడుతూ బాదేది. నా కూతురి చేత ఆవిడకి రోజూ పలకరింపు పంపిస్తున్నా అనుకున్నా. పాపం, అక్కయ్యకి ఈ ఒక్కటైనా మిగిలింది అనుకుని తృప్తిపడేదాన్ని.

ఒక పొద్దున్న పాలు కాస్తుంటే గట్టంతా అదిరిపోయింది. గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి, పాలగిన్నె పక్కకి జరిగిపోతోంది. అటునుంచి రాళ్ళు కోసే మిషను రొద. పరిగెత్తి గోడ మీద రెండు చేతుల్తో బాదా. "ఎవరయ్యా కోస్తోంది? ఎవడు చెప్పాడు మీకు?" అని గొంతు చించుకున్నా. ఎవరికి వినపడుతుంది? గోడ మొదట్లో, అటువైపు, రాయిని అడ్డంగా తెగ్గోసేశారు. మిషను ఆగాక నేనిటు గట్టు మీద అరచెయ్యి ఆనించి చూసా. అటు ఆవిడ వంట మొదలుపెట్టే ఉంటుంది, నా చేతికి ఏమీ తెలీలేదు.

బావగారి పనే అనుకున్నా. ఇంకెవరికుంటుంది అంత కసి? "చేతులు పడిపోను! రాయేం చేసింది ఆయన్ని?" అని పెరట్లో నిలబడి వీధి వీధంతా వినేలా తిట్టా. మా ఆయన నోరు మూయించబోతే ఆయన్నీ కలిపి తిట్టా. తరవాత కొన్నాళ్ళకే వాళ్ళు దక్షిణం వాటా ఎవరికో అమ్మేసి, నందిగామలో షాపు పెట్టుకుని వెళ్ళిపోయారు. లారీలో సామాను ఎక్కిస్తుంటే డాబా మీదనుంచి చూసా. అక్కయ్య తలెత్తలేదు. ఆ తరవాత గ్రానైటు మాట వస్తే చాలు, బావగారి ఏడు తరాల్నీ కడిగేదాన్ని.

అలా ఏళ్ళు గడిచిపోయాయి. అక్కయ్య కొడుకు ఇంజనీరింగు చదివాడు, ఉద్యోగం వచ్చింది, పెళ్ళి కుదిరింది. ఒక రోజు బావగారే శుభలేఖ పట్టుకుని మా గుమ్మంలోకొచ్చారు. జుట్టంతా తెల్లబడిపోయింది. "నువ్వు లేకుండా పిల్లాడి పెళ్ళేంట్రా" అన్నారు మా ఆయనతో. ఇద్దరూ కావిలించుకుని ఏడ్చారు. ఒట్టు లేదు గిట్టు లేదు, అంతా తీసేశానన్నారు. కాఫీ తాగేలోపు అయిపోయింది వాళ్ళకి! నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇద్దరి వయసూ తినేసి, ఇప్పుడు కాఫీలో పంచదార తగ్గించమంటారా?

పసుపు కొట్టే రోజుకి కూతుర్ని తీసుకుని నందిగామ వెళ్ళా. అక్కయ్య ఇంకా పొట్టిగా అయిపోయినట్టు అనిపించింది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. తరవాత నా పిల్ల కేసి తిరిగింది. అప్పటికి అది నా భుజాలు దాటింది. దానికేం గుర్తుంటుంది? "నమస్తే అండీ" అంది మర్యాదగా, చుట్టుపక్కల పెద్దవాళ్ళకి చెప్పినట్టే. "బాగా చదువుతున్నావా అమ్మా" అని అక్కయ్య కూడా పరాయివాళ్ళని అడిగినట్టే అడిగింది. పిల్ల తలూపి బయట ఆడపిల్లల్లోకి వెళ్ళిపోయింది. అది వెళ్ళినవైపే చూస్తూ నిలబడింది అక్కయ్య.

వంటింట్లో ఇద్దరమే మిగిలాక నేను ఊరుకోలేకపోయా. "అన్నీ మర్చిపోతాను గానీ, బావగారు ఆ రాయి కోయించారు చూడు, అది మాత్రం నా ప్రాణం పోయినా మర్చిపోను" అన్నా.

"ఆయన్నేమీ అనకే" అంది. "కోయించింది నేను."

నాకు అర్థం కాలేదు. అతుకే వద్దన్న మనిషి, కొయ్యనివ్వకుండా రాయి మీదే గోడ కట్టించిన మనిషి!

"పిల్ల గ్లాసు కొడుతుంటే నాకేం వినపడుతుందే? ముద్ద పెట్టమనేగా" అంది అక్కయ్య. "రోజూ అడుగుతుంటే, చేతిలో అన్నం కలుపుకుని గోడకేసి చూస్తూ నిలబడేదాన్ని. ముద్ద పెట్టలేను, వస్తున్నా అని అనలేను. నువ్వు నాకోసమే దాన్ని అక్కడ కూర్చోబెడుతున్నావని తెలుసు. తెలిసి నిన్నేమంటాను? రెండేళ్ళు ఓర్చుకున్నా. ఆయన షాపుకెళ్ళాక మనిషిని పిలిపించా."

కిందే కూలబడిపోయా. ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "ఒక్క మాట చెప్పుంటే కూర్చోబెట్టకపోదునుగా అక్కయ్యా! ఒక్క మాట!"

"ఎలా చెప్పనే?" అంది అక్కయ్య నా పక్కనే కూర్చుంటూ. "మనకి మాటల్లేవుగా."